రైళ్లు కరవైన రైల్వే స్టేషన్

సంపాదకులకు నమస్కారం.

అమెరికా గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా వీసాలు, ఉద్యోగాల చుట్టూనే తిరుగుతుంటాయి. నేనుంటున్న ఒహాయో రాష్ట్రపు సిన్సినాటి నగరం ఒక పాత కట్టడాన్ని ఎంతో ఖర్చు పెట్టి కాపాడుకుంది కానీ, అది దేనికోసం కట్టిందో ఆ సంగతిని మాత్రం పక్కన పెట్టేసింది. ఇక్కడి తెలుగువారూ మీ పత్రిక చదువుతారు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

1933లో ప్రారంభమైన ఆ కట్టడం, యూనియన్ టెర్మినల్ అనే రైల్వే స్టేషన్‌ను రోజుకు 216 రైళ్లకు, 17 వేల మంది ప్రయాణికులకు సరిపడేలా కట్టారు. లోపలికి అడుగు పెట్టగానే నూరడుగులకు పైగా ఎత్తున్న, సగం గుమ్మటం ఆకారపు కప్పు, దాని కింద రంగుగాజు ముక్కలతో కూర్చిన పెద్ద పెద్ద కుడ్యచిత్రాలు కనిపిస్తాయి. హాలుకు ఒక కొసన ఉన్న మంచినీళ్ల పంపు దగ్గర గుసగుసలాడితే, ఆ మాట కప్పు వంపు వెంట సాగి, అవతలి కొసన పంపు దగ్గర నిలబడ్డవారి చెవిన పడుతుంది. మా పిల్లలకు ఇప్పుడు అందులో ఉన్న మ్యూజియం కన్నా ఈ పంపుల మీదే మోజు.

1972లో ఇక్కడికి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. 1980లో పెట్టిన షాపింగ్ మాల్ కొద్ది ఏళ్లకే మూతపడింది. 1990లో మ్యూజియం వచ్చాక కట్టడానికి మళ్లీ కళ వచ్చింది. అది శిథిలమవుతోందని తెలిసినప్పుడు, 2014లో సిన్సినాటి ఉన్న హామిల్టన్ కౌంటీ (మన జిల్లా వంటిది) ఓటర్లు ఐదేళ్లపాటు పావు శాతం అమ్మకపు పన్ను అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. పన్ను పెంచమని జనమే ఓటేయడం ఎక్కడైనా అరుదే! మరమ్మతులు 2018లో పూర్తయ్యాయి. అయితే 1991లో తిరిగొచ్చిన ఒకే ఒక్క రైలు, కార్డినల్, నేటికీ వారానికి మూడు రోజులే, అదీ అర్ధరాత్రి దాటాకే వస్తుంది.

నగరంలోనే మరో చోట కథ వేరుగా ఉంది. 1855 నుంచి నడుస్తున్న ఫిండ్లే మార్కెట్‌లో మాంసం కొట్లు, కూరగాయల కొట్లు, చిన్న చిన్న తినుబండారాల దుకాణాలు ఇప్పటికీ అదే ఇనుప చట్రపు కప్పు కింద, దాని చుట్టూ సాగుతున్నాయి. 2016లో మొదలైన ట్రామ్ నదీతీరం నుంచి ఈ మార్కెట్ దాకా తిరుగుతుంది. 2020 నుంచి దానికి టికెట్ కూడా లేదు. శనివారం సంచులు పట్టుకుని దిగేవారిని చూస్తే, పాత కట్టడానికి రాకపోకలు, బేరాలు తోడైతే ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఆ ట్రామ్ యూనియన్ టెర్మినల్ దాకా వెళ్లదు.

19వ శతాబ్దంలో సొంత ఖర్చుతో టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా వరకు వేసుకున్న రైలుమార్గాన్ని, 2023లో ఓటర్ల అనుమతి పొంది, నగరం సుమారు 160 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఆ నిధిపై వచ్చే రాబడిని ఇప్పటికే ఉన్న రోడ్లు, వంతెనలు, భవనాల వంటివాటి బాగుకే వాడాలన్నది నిబంధన. కొత్త పట్టాలకు అందులోంచి డబ్బు రాదు. రైలు అమ్మిన సొమ్ముతో రైలు వేయలేకపోవడం నాకు మింగుడుపడదు.

కార్డినల్‌ను రోజూ నడపాలన్న ప్రతిపాదన, క్లీవ్‌లాండ్ నుంచి కొలంబస్, డేటన్‌ల మీదుగా సిన్సినాటికి రైలు వేయాలన్న ప్రతిపాదన 2023లోనే కేంద్ర ప్రభుత్వ ప్రణాళికా కార్యక్రమానికి ఎంపికయ్యాయి. ఇక్కడ ఓటు హక్కున్న తెలుగువారు నగర, రాష్ట్ర అభ్యర్థులు ఓట్లడగడానికి వచ్చినప్పుడు ఈ రెండింటి గురించీ, ట్రామ్‌ను టెర్మినల్ దాకా పొడిగించడం గురించీ నిలదీసి అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సిన్సినాటి