మంత్రి గారూ, వెనకనుంచి తీసిన ఫొటోలో బకిల్ కనబడదు

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విషయం: హెల్మెట్ చలాన్ల పేరిట రోడ్ల మీద సాగుతున్న ఫొటోల వేట గురించి.

హెల్మెట్ వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బళ్ళు బాగుచేసేవాళ్ళం, బండి నడపడం నేర్పేవాళ్ళం, చలాన్ కేసుల కాగితాలు చూసే లాయర్లం కొందరం కలిసి రాస్తున్నాం. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో హెల్మెట్ పెట్టుకోకుండా ప్రమాదాల్లో పోయినవాళ్ళు దేశం మొత్తమ్మీద 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ఆ అంకెతో మాకు పేచీ లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని రోడ్డు మీద జరుగుతున్న పనితోనే పేచీ.

ట్రాఫిక్ పోలీసులు మీ కింద లేరని, హోం శాఖ కింద ఉన్నారని తెలుసు. కానీ వాళ్ళు అమలు చేసే నిబంధనలు మీ శాఖవి. ఈ ఫైలు ఎప్పుడూ రెండు బల్లల మధ్యే తిరుగుతుంది కాబట్టి ఒక బల్ల దగ్గరైనా ఆగుతుందని మీకు రాస్తున్నాం.

జరిగేది ఇది. ఫ్లైఓవర్ దిగేచోటో, యూటర్న్ మలుపు దగ్గరో కానిస్టేబులో హోంగార్డో ఫోన్ పట్టుకుని నిలబడతారు. బండి దాటిపోయాక వెనకనుంచి క్లిక్. నంబరు ప్లేటు పడితే చాలు. ఆ ఫొటో కంట్రోల్ రూముకు పోతుంది, అక్కడ నంబరు కొట్టి, ఉల్లంఘన ఎంచి, చలాన్ పుట్టిస్తారు. ఆర్సీకి కలిపిన ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఈలోపు ఆ మనిషి అదే బోడితలతో ఇంకో పది కిలోమీటర్లు పోయి ఇల్లు చేరి ఉంటాడు. రోడ్డు మీద ఉన్న ఆ అరగంటలో అతని తలకు ఏ రక్షణా రాలేదు, వచ్చింది బాకీ ఒక్కటే. అదీ బండి ఓనరు పేరిట వచ్చింది, నడిపినవాడు ఎవరో ఆ ఫొటో చెప్పదు. మోటారు వాహనాల చట్టం 194డీ సెక్షన్ హెల్మెట్ లేనివాడికి జరిమానాతోపాటు మూడు నెలల లైసెన్సు అనర్హత కూడా చెబుతోంది. నడిపిందెవరో తెలియకుండా ఎవరి లైసెన్సు ఆపుతారు?

ఇక హెల్మెట్ పెట్టుకున్నవాడి సంగతి. ఫొటోలో అతని తల కప్పి ఉంది కాబట్టి వదిలేస్తారు. ఆ కప్పినది ఏమిటో ఎవరికీ పట్టదు. మాకు పట్టింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

హెల్మెట్‌లో పైడొప్ప గీతలనూ, పదునైనవి దిగబడటాన్నీ ఆపుతుంది. దెబ్బ తినేది దాని లోపలున్న గట్టి థర్మోకోల్ పొర. అది నలిగి, ఆ నలగడంలో దెబ్బ జోరు మింగేస్తుంది. ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు. అందుకే ఒక్క ప్రమాదం చూసిన హెల్మెట్ పైకి ఎంత కొత్తగా కనిపించినా తీసి పారేయాలి. థర్మోకోల్‌కీ తలకీ మధ్య ఉండే స్పాంజి మెత్తదనం కోసం తప్ప రక్షణ కోసం కాదు. రోడ్డు పక్కన రెండు మూడు వందలకు దొరికే టోపీ రకం వాటిని తిప్పి, లోపల బొటనవేలితో నొక్కి చూడండి. స్పాంజి దిగి, వేలు నేరుగా ప్లాస్టిక్ డొప్పకు తగులుతుంది. మధ్యలో ఏమీ ఉండదు. ఇల్లు కట్టేచోట మేస్త్రీలు పెట్టుకునే పసుపు హెల్మెట్‌కు ప్రమాణం వేరు, ఐఎస్ 2925. పైనుంచి ఇటుక పడితే కాపాడటానికి చేసినది అది. బండి హెల్మెట్ ప్రమాణం ఐఎస్ 4151. వెనకనుంచి తీసిన ఫొటోలో ఈ మూడూ ఒకటే.

తర్వాత బకిల్. 129 సెక్షన్ కింద హెల్మెట్ అంటే ఏమిటో చట్టమే చెప్పింది. పట్టీతోనో మరో బిగింపుతోనో తలకు గట్టిగా బిగించి ఉండాలి. అంటే బకిల్ పెట్టనివాడు చట్టం లెక్కలో హెల్మెట్ లేనివాడే. పడినప్పుడు మొదటి దెబ్బకే అది ఎగిరిపోతుంది, రెండో దెబ్బ తలకే. మేము బండి నేర్పేటప్పుడు చెప్పేది ఇంతే: కనుబొమ్మలకు రెండు వేళ్ళ పైన, తల వెనక ఉబ్బు కలిసేలా టేపు చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే స్టిక్కరు మీద 580 ఉన్నది చూడండి. కొత్తలో బుగ్గలు నొక్కుతున్నట్టు ఉండాలి, కొన్ని నెలలకు స్పాంజి అణిగి సరిపోతుంది. పట్టీ పెట్టాక గడ్డం కింద రెండు వేళ్ళకంటే ఎక్కువ దూరకూడదు. చివరగా వెనక అంచు పట్టుకుని పైకీ ముందుకీ తొయ్యండి. కళ్ళ మీదికి దొర్లి ఊడివస్తే ఆ హెల్మెట్ మీది కాదు. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు. మనిషిని ఆపితేనే చెయ్యగలం, పొదచాటునుంచి చెయ్యలేం.

ఫోనుకు భయపడి జనం ఏం చేస్తున్నారో కూడా చూడాలి. హెల్మెట్‌ను మోచేతికో ట్యాంకు మీదో పెట్టుకుని వస్తారు. దూరాన తెల్లచొక్కా కనబడగానే ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చేత్తో హెల్మెట్ నెత్తిన బోర్లిస్తారు. పట్టీ గాలిలో ఊగుతుంటుంది. కొందరు అప్పటికప్పుడు బండి తిప్పి రాంగ్ సైడులో వెనక్కి వస్తారు. హెల్మెట్ లేనివాడు తన తల మీదికి తెచ్చుకుంటాడు, రాంగ్ సైడులో వచ్చేవాడు ఎదుటివాడి ప్రాణం మీదికి తెస్తాడు. మొదటి తప్పును పట్టబోయి రెండోదాన్ని పుట్టించడం ఏ లెక్కన భద్రతో మాకు అర్థం కాదు.

ఇంకా పెద్ద నష్టం నంబరు ప్లేట్ల దగ్గర జరుగుతోంది. చివరి అంకె విరగ్గొట్టడం, ప్లేటును మడ్‌గార్డు కిందికి వంచడం, మాస్కు తగిలించడం, వెనక కూర్చున్నవాళ్ళ చున్నీ వేలాడేయడం, ఇవన్నీ ఫొటో చలాన్లతో పెరిగిన విద్యలు. గొలుసు దొంగను పట్టాలన్నా, గుద్ది పారిపోయినవాణ్ణి పట్టాలన్నా పోలీసులకు దిక్కు సీసీ కెమెరాలో పడే ఆ ప్లేటే. వందల రూపాయల చలాన్ తప్పించుకోవడానికి మామూలు మనిషికి ప్లేటు దాచడం నేర్పాక, దొంగబండి ఏదో మామూలు బండి ఏదో కెమెరాకు ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు చట్టం మాట. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అని ఒకటి 2021 ఆగస్టులో వచ్చింది. యంత్రంతో తప్పు పట్టాలంటే ఆ యంత్రానికి రాష్ట్రం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా తిరగరాయించుకోవాలి. పరికరాల జాబితాలో స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, స్పీడ్ గన్, ఒంటికి తగిలించుకునే కెమెరా, డ్యాష్‌బోర్డు కెమెరా, నంబరు ప్లేటు చదివే కెమెరా లాంటివి ఉన్నాయి. చొక్కా జేబులోని ఫోను ఆ పేర్లలో లేదు. కెమెరా నిఘా ఉన్న దారికి ముందు కనబడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలి. అందులో తప్పూ నంబరు ప్లేటూ స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారో, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. మా చేతికి వచ్చే చలాన్లలో చాలావాటికి ఆ ధ్రువపత్రం జాడే ఉండదు. హెచ్చరిక బోర్డు మాట అడగనే వద్దు, దాక్కుని తీసే ఫొటోకు బోర్డేమిటి.

నంబరు కొట్టడంలో పొరపాట్లు సరేసరి. 8కీ బీకీ, సున్నాకూ డీకీ తేడా మసక ఫొటోలో తెలియదు. బండి ఒక రంగు, ఫొటోలోది ఇంకో రంగు అయినా చలాన్ వచ్చేస్తుంది. అమ్మేసిన బండి మీద వచ్చేవి ఇంకొన్ని. అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలన్నది మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్. చాలామంది బండి పేరు మార్పుకు పెట్టే 29, 30 ఫారాల మీద సంతకం పెట్టి కొన్నవాడికి ఇచ్చి చేతులు దులుపుకుంటారు, అది జనం తప్పే. మేమూ మా దగ్గరికి వచ్చినవాళ్ళకు అదే చెబుతున్నాం.

ఇక డిస్కౌంట్లు. 2022 మార్చిలో బైకుల పాత చలాన్ల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26 నుంచి 80 శాతం తగ్గించి, గడువు మళ్ళీ మళ్ళీ పెంచారు. చలాన్ రాగానే కట్టినవాడు, రెండేళ్ళు ఎగ్గొట్టినవాడికంటే మొదటిసారి నాలుగు రెట్లు, రెండోసారి ఐదు రెట్లు కట్టినట్టయింది. 2022లో కరోనా మాస్కు జరిమానాలైతే మరీ, 1000 రూపాయలది 100కు వదిలేశారు. ఒంటరిగా కారులో పోయేవాణ్ణి ఆపి రాసిన వెయ్యి రూపాయలు ఆరోగ్యం కోసమే అయితే ఆ తొమ్మిది వందలు దేనికోసం రాసినట్టు? ఇప్పుడు జనం ఆషాఢం సేల్‌కు ఎదురుచూసినట్టు చలాన్ల సేల్‌కు ఎదురుచూస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం.

పోలీసులు బండి తాళం లాక్కునే అలవాటు గురించి కూడా. బండి ఆపమని యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే ఆపాలి, కాగితాలు చూపాలి. అది చట్టం. డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. రిజిస్ట్రేషనో పర్మిటో లైసెన్సో లేనప్పుడు బండి నిలిపే అధికారం 207వ సెక్షన్ ఇస్తోంది. హెల్మెట్ లేదని కదులుతున్న బండి హ్యాండిల్ మధ్యలోకి చెయ్యి పోనిచ్చి తాళం పీకమని చట్టంలో ఎక్కడా లేదు. ఆ క్షణంలో ఇంజను ఆగి, ఆ చేతి బరువుకు ముందుచక్రం పక్కకు తిరుగుతుంది. వెనక చంటిబిడ్డతో కూర్చున్న మనిషి ఎటు పడతారో చూసుకునే వీలు ఎవరికీ ఉండదు.



అసలు పని అమ్మేచోట ఉంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బండి హెల్మెట్ తయారుచేయడం, నిల్వ పెట్టడం, అమ్మడం నేరం. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే కేంద్ర సంస్థ బీఐఎస్. ఆ బీఐఎస్ చట్టం కింద మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షలకు తగ్గని జరిమానా. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో, లైసెన్సు ఇంకా నడుస్తోందో లేదో చెప్పేస్తుంది. ఫొటోలు తీసే ఆ ఫోనుతోనే ఈ పని అవుతుంది. పేవ్‌మెంటు మీద దొంగ ఐఎస్ఐ స్టిక్కర్లతో హెల్మెట్లు కుప్ప పోసినవాడి వైపు మాత్రం అది తిరగదు.

షోరూముల సంగతీ అంతే. కొత్త బండితోపాటు ప్రమాణాలకు తగిన హెల్మెట్ కంపెనీ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 138(4)(ఎఫ్) చెబుతోంది. బిల్లులు తెప్పించి చూడండి. చాలాచోట్ల అది యాక్సెసరీస్ ఖాతాలో విడి ధరతో కనబడుతుంది, లేదా అసలు కనబడదు. రిజిస్ట్రేషన్ కాగితాలతోపాటు హెల్మెట్ సీఎం/ఎల్ నంబరు రాయించడం పూర్తిగా మీ శాఖ చేతిలో ఉంది. స్కూటర్ల డిక్కీలో ఒక్క నిండు హెల్మెట్ పట్టడమే గగనం, రెండోది ఎక్కడ పెట్టుకోవాలి? సీటు కింద హెల్మెట్ కొక్కేలు ఉంటాయని కూడా చాలామందికి తెలియదు. పార్కింగ్ ఫీజు తీసుకునే ప్రతిచోటా హెల్మెట్లు దాచే అర పెట్టించండి, వెనక కూర్చునేవాళ్ళు తెచ్చుకుంటారు.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. హోం శాఖతో మాట్లాడి ఒక మెమో ఇప్పించండి: హెల్మెట్ కేసుల్లో ఫోను ఫొటోలు ఆపాలి, మనిషిని ఆపాలి, హెల్మెట్ దగ్గరుంటే పెట్టించి, బకిల్ బిగించి పంపాలి, లేకపోతే నడిపినవాడి పేరు మీదే కేసు రాయాలి, కెమెరాతో పట్టినది 167ఏ ప్రకారం లేకపోతే రద్దు చేయాలి. అమ్మకాల తనిఖీలు ఎన్ని జరిగాయో, ఎన్ని దొంగ హెల్మెట్లు పట్టారో చలాన్ల లెక్క పక్కనే నెలనెలా పెట్టాలి. తనిఖీకి వెళ్ళే మీ సిబ్బందికి అసలుదీ నకిలీదీ రెండు హెల్మెట్లు నిలువునా కోసి లోపల ఏముందో చూపించడానికి మేము సిద్ధం. ఆ రంపం, ఆ హెల్మెట్లు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో ద్విచక్ర వాహనాల పని తెలిసిన కొందరు