ఎండాకాలం ఇల్లు, ఎండాకాలం చెరువు: సెలవుల ముందు తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

మే నెలాఖరుతో మన శనివారం తెలుగు బడికి సెలవులు. ఆగస్టులో ఇక్కడి బడులు తెరిచాక మళ్లీ మొదలుపెడతాం. ఈ ఉత్తరం ఊరికి వెళ్లకుండా హెల్సింకి చుట్టుపక్కలే ఉండిపోయే కుటుంబాల కోసం, అందులోనూ ఫిన్లాండ్ వేసవి మొదటిసారి చూడబోయేవాళ్ల కోసం.

రామగుండంలోనో విజయవాడలోనో 45 డిగ్రీలు చూసినవాళ్లకు ఇక్కడి 28 ఒక లెక్కలా కనబడదు. ఆ ధీమాతోనే ఇబ్బంది. ఇక్కడి వాతావరణ సంస్థ పగటి ఉష్ణోగ్రత 25 దాటితే ‘హెల్లె’ అంటుంది. గరిష్ఠం 27, రోజంతటి సగటు 20 దాటేలా ఉంటే పసుపు హెచ్చరిక, గరిష్ఠం 30, సగటు 24 దాటేలా ఉంటే నారింజ హెచ్చరిక ఇస్తుంది. సగటును ఎందుకు చూస్తారంటే, రాత్రి చల్లబడకపోతే ఒంటికి తెరిపి ఉండదు. 2025లో జులై నడిమి నుంచి ఆగస్టు మొదటి దాకా దేశంలో ఎక్కడో ఒకచోట 30 డిగ్రీలు దాటడం వరసగా 22 రోజులు ఆగలేదు.

ఇక్కడి ఇళ్లు చలికి కట్టినవి. మూడు పొరల అద్దాలు, మందపాటి గోడలు వేడిని బయటికి పోనివ్వవు. లోపలికి వచ్చిన ఎండను కూడా అలాగే పట్టి ఉంచుతాయి. జూన్ నడిమిన సూర్యుడు నాలుగింటికి ముందే పొడిచి, రాత్రి పదకొండుకి కాస్త ముందు కుంకుతాడు. పడమటి కిటికీలున్న ఫ్లాటులో పిల్లలు పడుకునే వేళకే గది బాగా వేడెక్కి ఉంటుంది.

కాబట్టి చల్లబరచడం కన్నా వేడిని రానివ్వకపోవడం మేలు. అద్దాల మధ్య ఉండే బ్లైండ్లను ఎండ పడకముందే దించండి, తూర్పు గదిలోవి ముందురోజు రాత్రే. లోపలి కర్టెన్ వెలుతురును ఆపుతుంది కానీ, అప్పటికే అద్దం దాటిన వేడిని ఆపలేదు. పిల్లల నిద్రకు నల్లకర్టెన్ కావాలి, చల్లదనానికి బ్లైండ్లు కావాలి, రెండూ వాడండి. ఇంట్లో ఒకటి, బయట నీడలో ఒకటి థర్మామీటర్ పెట్టుకోండి. బయటిది తక్కువ చూపినప్పుడే కిటికీలు తెరవాలి, అంటే దాదాపు రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా. ఎదురెదురు వైపులు తెరిస్తేనే గాలి ఆడుతుంది. గాలి కోసమని మధ్యాహ్నం తెరిచి పెట్టడం మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. అద్దాలు బిగించిన బాల్కనీని మాత్రం పగలు మూసి ఉంచకండి, అక్కడి వేడంతా ఇంట్లోకే వస్తుంది.

స్నానాల గదిలో నేల కింద హీటర్ ఉంటే బాగా తగ్గించండి. చాలా ఇళ్లలో అది వేసవంతా అలాగే నడుస్తూ ఉంటుంది. తడి ఆరాలి కాబట్టి పూర్తిగా ఆపొద్దు. గొట్టం ఉన్న ఏసీ కొంటే, గొట్టం చుట్టూ కిటికీ సందును గుడ్డతో పూర్తిగా మూయాలి. లేకపోతే యంత్రం ఎంత గాలి బయటికి తోస్తే అంత వేడిగాలి ఆ సందులోంచే లోపలికి వస్తుంది. ఫ్యాన్ కొనాలనుకుంటే ఇప్పుడే కొనండి, ఎండ ముదిరాక దుకాణాల్లో దొరకడం కష్టం.

చిన్నపిల్లలున్న ఇంట్లో కిటికీ కొద్దిగానే తెరుచుకునేలా గొలుసో గొళ్లెమో తప్పక పెట్టించండి. దోమతెర పిల్ల బరువును ఆపదు. కిటికీ కింద మంచం, కుర్చీ ఉంచకండి.

వంట పొద్దున్నే ముగించుకుంటే మంచిది, ఓవెన్ జోలికి పోకండి. చలికాలంలో పొంగని దోసెల పిండి ఈ నెలల్లో ఆరేడు గంటల్లోనే పులుస్తుంది, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మజ్జిగకు ఇక్కడి పీమా, అంటే చిక్కటి పులిసిన పాలు, బాగా పనికొస్తుంది. ఒక వంతు పీమాకి రెండు వంతుల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం వేస్తే చాలు. హెల్సింకి ఆటపార్కుల్లో సెలవు వారాల్లో 16 ఏళ్ల లోపు పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉచితం. 1942 నుంచి నడుస్తున్న ఏర్పాటు ఇది. గిన్నె, చెంచా మనం తీసుకెళ్లాలి. మొహమాటపడకండి, ఇక్కడి కుటుంబాలన్నీ వెళ్తాయి.

ఇక నీళ్లు. ఈ ఉత్తరంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఈ మాట గుర్తుంచుకోండి: మునిగిపోయే పిల్ల అరవదు. నాలుగైదు కుటుంబాలు కలిసి చెరువుగట్టుకు వెళ్లినప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. పేరు పెట్టి ఒకరికి అప్పజెప్పండి. ఆ మనిషి ఇరవై నిమిషాలు ఫోను ముట్టకుండా, కబుర్లు లేకుండా నీళ్లనే చూడాలి, తర్వాత మరొకరు. ఈతరాని పిల్లలు చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. చేతికి తొడిగే గాలి బుడగలు లైఫ్ జాకెట్ కావు. గాలి నింపిన పరుపు మీద కూర్చోబెడితే చిన్న గాలికే లోపలికి కొట్టుకుపోతుంది. పైన నీళ్లు గోరువెచ్చగా ఉన్నా, మనిషి లోతు దిగేసరికి చల్లదనానికి ఊపిరి బిగుసుకుపోవచ్చు.

జులై, ఆగస్టుల్లో నీలి ఆకుపచ్చ నాచు, ఇక్కడివాళ్లు సినిలెవా అనేది, తేలుతుంది. కర్రతో ఎత్తి చూడండి. పోగుల్లా కర్రకు వేలాడితే మామూలు నాచు, చిన్న నలకలుగా విడిపోతే సినిలెవా. అనుమానం తీరకపోతే గాజుగ్లాసులో నీళ్లు ముంచి గంటసేపు కదపకుండా ఉంచండి. పచ్చని నలకలు పైకి తేలితే పిల్లల్ని దింపొద్దు. అప్పటికే దిగి ఉంటే శుభ్రమైన నీళ్లతో ఒళ్లు కడిగి, ఈతబట్టలు ఉతకండి. మింగారని భయమేస్తే విష సమాచార కేంద్రం నంబరు 0800 147 111.

అడవిలో, గడ్డిలో తిరిగి వచ్చిన రోజున చంకలు, మోకాళ్ల వెనక, తల వెంట్రుకల అంచు వెతకండి. పిడుదు కనబడితే సన్నపట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా లాగాలి. నూనె, వెన్న రాయకూడదు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రని మచ్చ వ్యాపిస్తుంటే డాక్టరుకు చూపించండి.

అత్యవసరానికి 112. ఆస్పత్రికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతే 116117. రెండు నంబర్లూ, ఇంటి చిరునామా పిల్లల చేత ఫిన్నిష్‌లో చెప్పించి చూడండి. మీరు ఆఫీసులో ఉండగా ఇంట్లో ఒంటరిగా ఉండే ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఇది సెలవుల మొదటి వారంలోనే నేర్పండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు