ఓరల్స్ ముందు ఒక ఉత్తరం

ఒరేయ్,

నీ మెసేజ్ చూశాను. కౌన్సెలింగ్ సైకాలజీ ఓరల్స్‌కి, అదే నోటి పరీక్షకి, డేట్ ఇచ్చేశారన్నమాట! నిద్ర పట్టట్లేదన్నావు, ఎలా పడుతుంది? రాత పరీక్షలో తెలిసిందేదో రాసి బయటపడొచ్చు. ఇక్కడ ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ అడుగుతారు. ఆ టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. నాకు నచ్చనిది నువ్వు చదువుతున్న తీరు. కట్టలకొద్దీ ఫ్లాష్ కార్డులు రాశానని గొప్పగా చెప్పావు చూడు, వాటిలో సగం ఇవాళే అటకెక్కించెయ్.

వాళ్లకి నీ జ్ఞాపకశక్తితో పెద్దగా పనిలేదు. రేపు నిన్ను ఒక క్లయింట్‌తో గదిలో వదిలేస్తే ఏం చేస్తావు, ఎందుకు చేస్తావు, అదే వాళ్ల బెంగ. అందుకే చాలాచోట్ల ఓరల్స్ నువ్వు ప్రాక్టికమ్‌లో (శిక్షణలో భాగంగా క్లయింట్లని చూసే రోజుల్లో) చూసిన కేసు చుట్టూ తిరుగుతాయి. "డిప్రెషన్ అన్నావు, బైపోలార్ కాదని ఎలా తేల్చావు?" అంటారు. బైపోలార్ అయితే కుంగిన రోజులతో పాటు ఉత్సాహం పట్టలేక నిద్రే అక్కర్లేకుండా తిరిగిన రోజులూ ఉంటాయి, అలాంటివేమైనా ఉన్నాయా అని నువ్వు అడిగి ఉండాలి. "డిప్రెషన్ కొలిచే ఫారం పీహెచ్‌క్యూ-9లో ఆఖరి ప్రశ్నకి నీ క్లయింట్ 'కొన్ని రోజులు' అని టిక్ పెట్టింది కదా, అది చూశాక నువ్వు ఆమెతో అన్న మొదటి మాటేంటి?" అంటారు. అది చావు ఆలోచనల ప్రశ్న. మొత్తం స్కోరు చెప్పి తప్పించుకుందామంటే కుదరదు, ఆ మాటే కావాలి వాళ్లకి.

థియరీ దగ్గర "నాది ఇంటిగ్రేటివ్" అని మాత్రం అనకు. ఏ థెరపీ పద్ధతుల్ని, ఏ లెక్కన కలిపావని గుచ్చి గుచ్చి అడుగుతారు. కార్ల్ రోజర్స్ (థెరపీ ఫలించాలంటే ఏమేం ఉండాలో చెప్పిన సైకాలజిస్ట్) అంటే అందరూ ఎంపతీ, నిజాయితీ, షరతుల్లేని ఆదరణ అని మూడు చెప్పి ఆగిపోతారు. 1957 పేపర్లో ఆయన రాసినవి ఆరు. ఇద్దరి మధ్యా మానసికంగా సంబంధం ఏర్పడాలి, క్లయింట్ లోలోపల నలుగుతూ ఉండాలి. ఇక ఆరోది నాకు చాలా ఇష్టం: నీ ఎంపతీ, ఆదరణ కాస్తయినా క్లయింట్‌కి అందాలి. నువ్వెంత కరిగిపోయినా అవతలి మనిషికి అందకపోతే లాభం లేదు. నీ కేసులో అది అందిందని ఎలా తెలిసిందో ఒక్క ఉదాహరణ దగ్గర పెట్టుకో. సైకాలజిస్ట్ బోర్డిన్ 1979లో చెప్పిన అలయన్స్, అంటే థెరపిస్టూ క్లయింటూ కలిసి పనిచేసే పొత్తు, దాన్ని కూడా (లక్ష్యాలు, పనులు, బంధం) నిర్వచనంగా వద్దు. ఈ మూడింటిలో మీ ఇద్దరికీ ఎక్కడ బెసికిందో చెప్పు.

ఎథిక్స్‌లో టారసాఫ్ కేసు వచ్చే అవకాశం ఎక్కువ. ఒకమ్మాయిని చంపుతానని క్లయింట్ థెరపిస్టుతో చెప్పి, అన్నంత పనీ చేసిన కేసు అది. థెరపిస్టు ఏం చెయ్యాలంటే అందరూ "ఆ అమ్మాయిని హెచ్చరించాలి" అంటారు. అది 1974 తీర్పు. 1976లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు మళ్లీ విని, ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవాలంది. హెచ్చరించడం అందులో ఒక దారి మాత్రమే. టెక్సస్ సుప్రీం కోర్టేమో 1999లో ఆ బాధ్యతనే ఒప్పుకోలేదు. కాబట్టి నువ్వున్న రాష్ట్రం చట్టం ఏమంటుందో చూసుకునే వెళ్లు.

సంస్కృతి, నేపథ్యాల ప్రశ్న వస్తే క్లయింట్ కులగోత్రాలన్నీ ఏకరువు పెట్టకు. నిన్ను చూసి ఆ మనిషి ఏమనుకుని ఉంటుంది, దాని గురించి ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా, అది చెప్పు చాలు.

తెలియనిది అడిగితే "ఆ పేపర్ చదవలేదండీ, కానీ నేనైతే ఇలా ఆలోచిస్తాను" అను. దానికి ఫెయిల్ చెయ్యరు. లేని స్టడీని కల్పించావో, అయిపోయావే!

చివర్లో నిన్ను బయట కూర్చోమని లోపల మాట్లాడుకుంటారు. ఎంతసేపైనా పట్టనీ, లెక్కలు వేసుకోకు. ఒక భాగం మళ్లీ రాసి తెమ్మని షరతు పెట్టి పాస్ చెయ్యడం కూడా మామూలే.

కేసు రైటప్‌లో పేరూ ఊరూ తీసేసి, ఆనవాళ్లు లేకుండా నాకు పంపు. ఆదివారం ఫోన్ చేసి ప్రొఫెసర్‌లా పీక్కుతింటాను. అలిగితే ఊరుకోను, ముందే చెబుతున్నా.

నీ
పాత రూమ్మేట్