నిధి దొరికితే దాని కథ కూడా రాయండి

సంపాదకులకు,

బ్రిటన్‌లో ఎవరి పొలంలోనైనా పాత నాణేలు దొరికితే మన పత్రికల్లో ‘రాత్రికి రాత్రే కోటీశ్వరుడు’ అని వస్తుంది. లంకెబిందెల కథలా చదివి పక్కన పెట్టేస్తాం. ఆ నాణేల వల్ల ఏం తెలిసిందో మాత్రం ఎవరూ రాయరు.

2015లో అక్కడ వైకింగుల (సముద్రం మీదుగా వచ్చి ఇంగ్లండ్‌పై దాడులు చేసిన ఉత్తరాది యోధులు) కాలపు నిధులు రెండు బయటపడ్డాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాట్లింగ్టన్ దగ్గర మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతున్న ఒకాయన, దొరికినదాన్ని పెకలించకుండా అధికారులకు కబురు చేశాడు. వాళ్లు మట్టిగడ్డతో సహా ఎత్తి, బ్రిటిష్ మ్యూజియంలో మెల్లగా విడదీయించారు. అందులో సుమారు 200 నాణేలు. కొన్నిటి మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కనే కూర్చుని ఉంటారు. అదే నమూనాను తొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పొరుగు రాజ్యాలైన వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు కియోల్‌వుల్ఫ్ ఇద్దరూ తమ తమ పేర్లతో ముద్రించారు. ఆల్ఫ్రెడ్ ఏలుబడిలో వెసెక్స్‌లో కూర్చిన వృత్తాంతాలేమో కియోల్‌వుల్ఫ్‌ను తెలివితక్కువవాడనీ, వైకింగుల చేతిలో కీలుబొమ్మ అనీ చెప్పాయి. వెయ్యేళ్లు అదే నమ్మారు. నాణేలు చూస్తే ఇద్దరూ మిత్రులు! మెర్సియా కూడా తమ చేతికొచ్చాక, పాత మిత్రుడి ఊసు వెసెక్స్ ఆస్థానానికి అక్కర్లేకపోయినట్టుంది.

అదే ఏడాది హియర్‌ఫర్డ్‌షైర్‌లోని లెమ్‌స్టర్ దగ్గర దొరికిన నిధిలోనూ ఈ జంట చక్రవర్తుల నాణేలున్నాయి. దాన్ని మాత్రం గుట్టుగా అమ్ముకున్నారు. 2019లో నిందితులకు జైలుశిక్ష పడింది. సుమారు 300 నాణేలుంటాయని అంచనా; చాలావరకు ఇప్పటికీ జాడ లేవు. ఏ నాణెం దేని పక్కన ఉంది, ఎంత లోతులో ఉంది అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. నాకు బాధగా ఉన్నది ఇందుకే.

నిజాయితీగా చెప్పినవాళ్లకు అక్కడ నష్టం లేదు. నిధుల గురించి అక్కడున్న 1996 చట్టం ప్రకారం 14 రోజుల్లో అధికారులకు తెలియజేయాలి. మ్యూజియం ధర కడితే, ఆ సొమ్ము సాధారణంగా కనుగొన్నవారికీ భూమి యజమానికీ చెందుతుంది. వాట్లింగ్టన్ నిధిని 2017లో ఆష్మోలియన్ మ్యూజియం 13.5 లక్షల పౌండ్లకు కొంది.

మనకు ఇంకా 1878 నాటి చట్టమే ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలని అందులో ఉంది. ఈ సంగతి ఎంతమంది రైతులకు తెలుసు? గుప్తనిధుల కోసం పాత గుళ్లు తవ్వేశారన్న వార్తలు మీ జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. ఆ వార్త పక్కనే, ఏదైనా దొరికితే కదపకుండా ఎవరికి ఫోన్ చేయాలో నంబరుతో సహా చిన్న బాక్సు వేయండి.

— ఒక రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయురాలు, గుంటూరు