లేజర్ మెషీన్ మరమ్మతు నిధి: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం. మన లేజర్ కటింగ్ మెషీన్‌కు కొత్త ఎలక్ట్రానిక్స్, కొత్త ట్యూబు (లేజర్ కిరణం పుట్టే గాజు గొట్టం) వేయించడానికి మార్చి నుంచి ఆగస్టు దాకా వసూలైన డబ్బు, పెట్టిన ఖర్చు ఇక్కడ పెడుతున్నాం. "ట్యూబు రెండుసార్లు కొన్నారట, అందులో ఎవరికెంత ముట్టిందో" అని టీ కొట్టు దగ్గర మాట నడుస్తోందని మా చెవినా పడింది. అందుకే ఆ సంగతే ఎక్కువ రాస్తున్నాం. మిగతా వాటికి బిల్లులున్నాయి, చూసుకోవచ్చు.

జమ (రూపాయల్లో)
సభ్యుల చందా, మనిషికి 5,000 చొప్పున 31 మంది ఒప్పుకోగా 26 మంది పూర్తిగా, ఇద్దరు సగం ఇచ్చారు: 1,35,000
దుబాయ్‌లో ఉంటున్న మన పాత సభ్యుడు (పేరు రాయొద్దన్నారు): 25,000
పాత కంట్రోల్ బోర్డు, మోటార్లను తిప్పే డ్రైవర్లు, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు అమ్మగా: 6,500
బయటివాళ్లకు కటింగ్ చేసినందుకు: 8,200
మొత్తం జమ: 1,74,700

ఖర్చు
మెషీన్‌ను నడిపే కొత్త బోర్డు (రుయిడా కంట్రోలర్), డిస్‌ప్లే ప్యానెల్: 31,500. (2014లో కొన్నప్పటి పాత బోర్డు డాంగిల్ (కంప్యూటరుకు గుచ్చే తాళంచెవి లాంటి ముక్క) పెడితే తప్ప పలికేది కాదు. ఆ డాంగిల్ పోతే మెషీన్ ఇనప సామాన్ల కొట్టుకే. దీని మీద ఎవరికీ పేచీ లేదనుకుంటాం. సాఫ్ట్‌వేర్‌కు వేరే డబ్బు కట్టలేదు.)
స్టెప్పర్ డ్రైవర్లు రెండు: 3,400
60 వాట్ల పవర్ సప్లై: 11,000
అద్దాలు మూడు, లెన్స్: 4,600
గాలి పంపు, పైపులు: 5,200
వైరింగ్, ఎర్తింగ్: 4,350
పొగ లాగే బ్లోయర్ రిపేరు: 2,900
వాటర్ ఫ్లో స్విచ్: 450
టెక్నీషియన్‌కు: 9,000 (ఒప్పుకున్నది 12,000. మిగతా 3,000 ఎందుకు ఆపామో కింద ఉంది.)
మొదటి ట్యూబు, పార్సిల్‌తో కలిపి: 21,800

ఇక రెండో ట్యూబు సంగతి.

మొదటి మీటింగులోనే చిల్లర్ (ట్యూబు నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనాలని కమిటీ చెప్పింది. ట్యూబులో తిరిగే నీళ్లు 25 డిగ్రీలు దాటితే పవర్ తగ్గుతుంది, ట్యూబు ఆయుష్షూ తగ్గుతుంది. "డ్రమ్ములో ఐసు బాటిళ్లు వేస్తే చాలదా, 41,000 దేనికి" అన్నవాళ్లు ఎవరో వాళ్లకే గుర్తుండాలి. ఆ మాట అటుంచితే, మొదటి ట్యూబు కొనేనాటికి మా చేతికి వచ్చిన చందా 95,000 మాత్రమే. అందాకా ఐసు డ్రమ్ముతోనే మెషీన్ నడిపిద్దాం, మిగతా చందా రాగానే చిల్లర్ కొందాం అనుకున్నాం. తప్పయితే అదీ మా తప్పే.

ట్యూబు వేశాక పందొమ్మిది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. రెండుసార్లు తిప్పితే గానీ తెగని 3 ఎం.ఎం. అక్రిలిక్ ఒక్క దెబ్బకు తెగింది. మే నెల, విజయవాడ ఎండ. మధ్యాహ్నం షీల్డుల ఆర్డరు నడుస్తుండగా ఎవరో సెల్‌కు చార్జింగ్ పెట్టుకోవడానికి నీళ్ల పంపు ప్లగ్గు పీకారు. నీళ్లు ఆగాయి, లేజర్ ఆగలేదు. గులాబీ రంగులో వెలగాల్సిన ట్యూబు పాలిపోతోందని ఒకాయన గమనించి, కంగారులో ప్లగ్గు మళ్లీ పెట్టారు. కాగిపోయిన గాజు మీదికి ఐసు నీళ్లు వచ్చాయి. టప్‌మని ఒక్క చప్పుడు. అంతే.

ప్లగ్గు పీకిందెవరో మాకు తెలుసు. ఇక్కడ రాయం. ఆయన చందా మాత్రం పూర్తిగా కట్టినవారే.

మరి ఫ్లో స్విచ్ ఏం చేసిందని అడుగుతారు. నీళ్లు ఆగగానే లేజర్‌ను ఆపాల్సింది అదే. టెస్టింగ్ కోసమని టెక్నీషియన్ రెండు టెర్మినల్స్‌ను చిన్న తీగ ముక్కతో కలిపి, తీయడం మర్చిపోయారు. స్విచ్ బిగించి ఉంది, పని చేయడం లేదు. మీరే తొందరపెట్టారని ఆయనంటారు. అందులో కొంత నిజముంది. మేమూ మూత తీసి చూసుకోలేదు. అందుకే 3,000 ఆపామే తప్ప ఎగ్గొట్టలేదు. ఈ నెల ఇచ్చేస్తాం. అమ్మినవాళ్లను అడిగితే, నీళ్లాగి పగిలితే వారంటీ వర్తించదన్నారు. బతిమాలాం, ఉపయోగం లేకపోయింది.

రెండో ట్యూబు: 22,600
కారు బాడుగ, టోల్‌తో: 7,400
చిల్లర్: 41,000

కారు మీదే ఎక్కువ గొడవ. "ట్యూబు తేవడానికి కారా" అన్నారు. అది నాలుగడుగులు దాటిన గాజు సామాను. పార్సిల్ ఆఫీసులో గాజుకు మా పూచీ లేదని ముందే చెప్పేశారు. మొదటిది క్షేమంగా రావడం మన అదృష్టం. ఈసారి ఎదురుగా వెలిగించి చూపిస్తేనే తీసుకుంటామని హైదరాబాద్‌లో ఇంకో షాపుకు వెళ్లాం. వచ్చేటప్పుడు వెనక సీట్లో ఇద్దరం పెట్టెను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకుని వచ్చాం. సూర్యాపేటలో టిఫిన్ ఒకరి తర్వాత ఒకరం తిన్నాం, పెట్టెను వదలకుండా. ఆ టిఫిన్ డబ్బులు ఇందులో లేవు.

డిస్టిల్డ్ వాటర్: 600
ఆటోలు, హమాలీ, జిరాక్సులు, టీలు, కొబ్బరికాయ: 1,840 (హమాలీకి రసీదు లేదు. ఎవరిస్తారు?)

మొత్తం ఖర్చు: 1,67,640
నిల్వ: 7,060. బ్యాంకులో 6,700, చేతిలో 360. టెక్నీషియన్ బాకీ పోను మిగిలేది 4,060.

రావాల్సిన చందా ఇంకా 20,000 ఉంది. సగం ఇచ్చిన ఇద్దరూ మిగతాది దసరాకు ఇస్తామన్నారు, సంతోషం. అసలేమీ ఇవ్వని ముగ్గురిలో ఇద్దరు వినాయక చవితి పందిళ్ల అక్షరాలు ఇదే మెషీన్ మీద కోయించుకున్నారు. వాళ్లను ఎవరూ ఆపలేదని గమనించగలరు.

మే ఎండలో మూడు రోజులు కూర్చుని అద్దాల అలైన్‌మెంటు చేసి పైసా తీసుకోని తమ్ముడికి, దుబాయ్ అన్నయ్యకు కృతజ్ఞతలు. బిల్లుల ఫైలు మెషీన్ గదిలో బీరువా పై అరలో ఉంది. ఆదివారం ఉదయం వచ్చి ఎవరైనా చూడొచ్చు. ఫోటోలు తీసుకోండి, ఫైలు ఇంటికి పట్టుకెళ్లొద్దు.

మెషీన్ వాడేవాళ్లు ట్యూబుకు వెళ్లే కరెంటు 18 మిల్లీ ఆంపియర్లు దాటించవద్దు. పీవీసీ షీటు కోయవద్దు, క్లోరిన్ పొగ మనుషులకూ మెషీన్‌కూ చేటు. చిల్లర్ ప్లగ్గుకు డబ్బా కట్టి తాళం వేశాం. సెల్ చార్జింగ్‌కు తలుపు పక్కన వేరే బోర్డు ఉంది.

— కమిటీ