సోమవారం కరిచిన కుక్క

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో వారం పది రోజులకోసారి కుక్కకాట్ల వార్త వస్తూనే ఉంటుంది. ఫలానా పేటలో ఇంతమందిని కరిచాయి, ఆసుపత్రికి పరిగెత్తారు, రేబిస్ టీకాలు వేశారు, కార్పొరేషన్ వాళ్లు ఏం చేస్తున్నారు అని. అక్కడితో వార్త అయిపోతుంది. మొదటి సూదికి పరిగెత్తిన వాళ్లలో ఆఖరి సూదికి ఎంతమంది వెళ్లారన్నది మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణం గుమస్తాని, డాక్టర్ని కాను. మొన్న సీజన్‌లో మా ముఠా హమాలీ ఒకతన్ని కుక్క కరవకపోతే నాకూ ఈ సంగతులేవీ పట్టేవి కావు. తెల్లవారుజామున టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతూ లారీ కింద పడుకున్న కుక్క తోక తొక్కాడు, అది పిక్క పట్టేసింది. రక్తం కారుతుంటే మేస్త్రి కింద రాలిన మిరపకాయలు అరచేతిలో నలిపి గాయానికి అద్దబోయాడు (మన ఊళ్లో దేనికైనా కారమే మందు కదా). నేను అడ్డుపడి కుళాయి కింద కాలు పెట్టించి బట్టల సబ్బుతో కడిగించాను. పావుగంట కడగాలట. మేం ఐదు నిమిషాలు కూడా కడగలేదు, వెనక లారీ వాడు ఒకటే హారన్.

ప్రభుత్వాసుపత్రిలో రెండు భుజాలకీ చెరో చిన్న సూది వేశారు. రక్తం వచ్చేలా కరిచింది కాబట్టి గాయంలోకే సీరం కూడా ఎక్కించారు. టీకా పని మొదలుపెట్టడానికి వారం పైనే పడుతుందట, ఆ లోపు కాపు కాసేది ఈ సీరమే. డబ్బులేమీ తీసుకోలేదు. అంతవరకూ బాగానే జరిగింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక చీటీ పెట్టారు, దాని మీద ఇంగ్లీషులో డీ-0, డీ-3, డీ-7, డీ-28 అని ఉంది. డీ అంటే డే, రోజన్నమాట.

మా హమాలీకి చదువు రాదు. నాకు వచ్చి కూడా ఆ సున్నా ఏమిటో అర్థం కాలేదు. మనం లెక్కపెట్టేది ఒకటి నుంచి కదా, కరిచిన సోమవారం ఒకటి అనుకుంటే మూడో రోజు బుధవారం వస్తుంది, దాన్ని సున్నా అనుకునే వాళ్ల లెక్కలో గురువారం. ఇది చిన్న విషయమే, అడిగితే చెప్తారు, కానీ వెనక అంత క్యూ ఉన్నప్పుడు అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

అసలు చిక్కు వేరే ఉంది. కుక్క కరిచింది సోమవారం. మూడో రోజు గురువారం, ఏడో రోజు మళ్లీ సోమవారం, ఇరవై ఎనిమిదో రోజు కూడా సోమవారమే. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి రెండు రోజుల సరుకంతా సోమవారమే వచ్చి పడుతుంది, సీజన్లో అయితే గేటు బయట లారీలు బారులు తీరి ఉంటాయి. హమాలీకి కూలి టిక్కీల లెక్కన, ఎన్ని మోస్తే అంత. వారం మొత్తంలో నాలుగు డబ్బులు గట్టిగా కళ్లపడేది ఆ ఒక్క రోజే. ఆ రోజు ఓపీ క్యూలో నిలబడమంటే ఎవరు నిలబడతారు చెప్పండి.

గురువారం వెళ్లాడు. తర్వాతి సోమవారం వెళ్లలేదు. తూకాల హడావుడిలో నేనూ మర్చిపోయాను, అబద్ధం ఎందుకు. రెండు మూడు రోజుల తర్వాత గుర్తొచ్చి అడిగితే, "గాయం మానిపోయిందిగా గుమస్తాగారూ, ఇంకెందుకండీ సూదులు? ఆ కుక్క కూడా బతికే ఉంది, అదుగో" అని లారీ కింద చూపించాడు. చూస్తే అదే రంగు కుక్కలు నాలుగున్నాయి. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉంటే మంచిదేనని డాక్టర్లూ అంటారు, కాకపోతే అది కట్టేసి కనిపెట్టుకుని ఉన్న కుక్క మాట. పైగా ఆ నిర్ణయం డాక్టరు చెయ్యాలి గానీ మనం కాదు.

గాయం మానిందన్న మాటే అందరినీ ముంచుతోంది. పైన తోలు అతుక్కుంటుంది, లోపల రేబిస్ క్రిమి ఉంటే మాత్రం నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతూనే ఉంటుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా బయటపడుతుంది. బయటపడ్డాక ఇక మందు లేదు.

మర్నాడు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి పంపితే, ఇంకో నలుగురు వస్తే గానీ సీసా తెరవం, రేపు రమ్మన్నారట. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత కనుక్కుంటే వాళ్ల బాధా వాళ్లకుంది. చర్మంలోకి వేసే ఈ పద్ధతిలో ఒక్కొక్కరికి పూటకి 0.2 మిల్లీలీటర్లే పడుతుంది, సీసా ఒకసారి తెరిస్తే ఆ పూటే వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. అంతా నిజమే, కానీ అరపూట కూలి పోగొట్టుకుని వచ్చినవాడు వట్టి చేతులతో వెనక్కి వెళ్తే మళ్లీ వస్తాడా? పారబోసే ఆ కాస్త మందు ఖరీదెంత?

చివరికి శుక్రవారం, అంటే పదకొండో రోజున, నా బండి మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మళ్లీ మొదటి నుంచి వేస్తారేమోనని అతనికి ఒకటే టెన్షన్. అక్కర్లేదంది నర్సమ్మ, ఆలస్యమైనా ఆగిన చోటు నుంచే వేసుకుంటూ పోవాలట. ఈ ఒక్క ముక్క తెలియక, తేదీ దాటిపోయింది ఇంకేం లాభం అని ఇంట్లో కూర్చునేవాళ్లు ఎంతమందో. ఇరవై ఎనిమిదో రోజుకి నా ఫోన్లో అలారం పెట్టుకున్నాను. ఆ సోమవారం కూలి మా షావుకారు ఇచ్చారు.

ఇది మా ఒక్క హమాలీ కథే అయితే మీకు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు 15 రాష్ట్రాల్లో 60 జిల్లాలు తిరిగి ఇంటింటి సర్వే చేశారు. దేశంలో ఏటా 90 లక్షలకు పైగా జంతుకాట్లు, 5,700 మందికి పైగా రేబిస్ చావులు అని తేల్చారు. ఒక్క డోసైనా వేయించుకున్న వాళ్లలో దాదాపు సగం మంది కోర్సు పూర్తి చెయ్యలేదట. సగం మంది ఆగిపోతున్నారంటే తప్పంతా జనానిదే అనుకోలేం.

జనం తప్పు లేదనీ అనను. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఇప్పటికీ భయపెట్టే పెద్దలున్నారు, ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు. మాంసం తినకూడదు, గుడ్డు తినకూడదు అని పత్యాలు పెడతారు, ఆ పత్యానికి భయపడి సూదే మానేసిన వాళ్లని నేనెరుగుదును, ఈ టీకాకి పత్యమే లేదు. ఇంకొకటి, ప్రైవేటులో కండకి వేసే పద్ధతిలో పద్నాలుగో రోజుతో కలిపి ఐదు సూదులు, ప్రభుత్వాసుపత్రిలో నాలుగు సార్లు. దాంతో "ఊరికే వేస్తున్నారు కాబట్టి ఒకటి ఎగ్గొట్టారు" అని పక్కింటివాళ్లు ఎక్కిస్తారు. రెండూ సరైనవే, పద్ధతులు వేరు, అంతే.

కోవిడ్ అప్పుడు రెండో డోసు తేదీకి ఫోన్‌కి మెసేజ్ వచ్చేది గుర్తుందా? పసిపిల్లల టీకా తప్పితే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడుగుతుంది. కుక్క కరిచినవాడి ఫోన్ నంబరు ఓపీలో రాసుకుంటున్నారు కదా, ఏడో రోజు ముందు సాయంత్రం, ఇరవై ఏడో రోజు సాయంత్రం తెలుగులో ఒక ఫోన్ చేస్తే ఏం పోతుంది? చీటీ మీద డీ-7 బదులు "సోమవారం, ఫలానా తేదీ" అని తెలుగులో రాయొచ్చు. పేటల్లోని ఆరోగ్య కేంద్రాల్లో సాయంత్రం ఆరు తర్వాత ఒక గంట ఈ సూదికే పెడితే, ఎంతమంది ఉన్నా సీసా తెరిస్తే, కూలి పోకుండా పని జరుగుతుంది. సీజన్ నాలుగు నెలలూ యార్డుకే వారానికి రెండుసార్లు ఒక నర్సమ్మని పంపినా మంచిదే, మా దగ్గర కుక్కలకీ కొదవ లేదు, మనుషులకీ కొదవ లేదు. మీరు కూడా ఈసారి కుక్కకాట్ల వార్త వేస్తే నెల తర్వాత మీ విలేకరిని మళ్లీ ఒకసారి ఆ పేటకి పంపండి.

ఆ చీటీ ఇప్పుడు నా దగ్గరే, దుకాణం గల్లాపెట్టెలో ఉంది. అంచులు కారంతో ఎర్రబడ్డాయి, డీ-7 దగ్గర తేదీ కొట్టేసి పైన వేరే తేదీ రాసి ఉంది. దీన్ని పారెయ్యొద్దు, మళ్లీ ఎప్పుడైనా కరిస్తే ఇది చూపిస్తే రెండు సూదులతో సరిపోతుంది, సీరం కూడా అక్కర్లేదు అని నర్సమ్మ చెప్పింది. ఇంట్లో పెడితే పిల్లలు చింపేస్తారని తెచ్చి నాకిచ్చాడు.

ఇట్లు,
ఒక మిర్చి యార్డు గుమస్తా,
గుంటూరు.