కార్బురేటర్ సంగతి తర్వాత, ముందు నా ఫిర్యాదుకు జవాబు చెప్పండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే మీ కంపెనీ కార్బురేటర్ కొని, అది కారుతోందని చెప్పుకోవడానికి నెలల తరబడి మీ చుట్టూ తిరుగుతున్నాను. వస్తువు పాడైనందుకు కాదు ఈ ఉత్తరం. వందలో ఒకటి తేడా వస్తుంది, బండ్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. డబ్బు తీసుకున్నాక నా మాట వినే దిక్కు లేకపోవడమే నాకు మండుతోంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా ఇంటితోపాటు నాన్నగారి మోటార్‌సైకిలూ మునిగింది. నీళ్లు తీశాక చూస్తే ఇంజిన్ నిండా బురద. షోరూమ్ వాళ్లు చెప్పిన ఖర్చుకు ఇంకో పాత బండే వచ్చేస్తుంది. అందుకని ఇంట్లో నేనే బండి మళ్లీ కట్టుకుందామని కూర్చున్నాను. ఛాసిస్ అంటే బండి చట్రం, ఇంజిన్ మా బండివే. ఫోర్కులు, చక్రాలు, ట్యాంకు ఆటోనగర్ తుక్కు కొట్లలో ఏరి తెచ్చినవి. కార్బురేటర్ కూడా అక్కడ పాతది దొరికేది. అయినా మీదే కొత్తది కొన్నాను. నాన్నగారు మెకానిక్ షెడ్డు నడిపినన్నాళ్లూ మీ సామాను తప్ప ఇంకొకటి బిగించనిచ్చేవారు కాదు.

బిగించిన రోజే కారడం మొదలైంది. పెట్రోలు ట్యాప్ తిప్పితే చాలు, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు గచ్చు మీద పడుతుంది. వరండా పక్కనే తులసికోట. ఆ వాసనకు భయపడి మా ఆవిడ సాయంత్రం దీపం పెట్టడం మానేసింది.

మీ నంబరుకు ఫోన్ చేస్తే ‘మీ కాల్ మాకు ఎంతో విలువైనది’ అని పాట వినిపించి, చివరికి ఒక అమ్మాయి వచ్చింది. మొదటి ప్రశ్న, బండి మోడల్ ఏమిటి? ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “అలాంటి మోడల్ మా సిస్టమ్‌లో లేదు సర్, సెలెక్ట్ చేయకపోతే కంప్లైంట్ తీసుకోదు” అంది. అమ్మా, పాడైంది బండి కాదు, మీ కార్బురేటర్, దాని మీద మీ నంబరే ఉంది, అది రాసుకో అన్నాను. లైన్ కట్టయింది.

తర్వాత ఆర్సీలో ఉన్న మోడల్ చెప్పి ఫిర్యాదు టికెట్ తీసుకున్నాను. 48 గంటల్లో ఫోన్ వస్తుందన్నారు. వచ్చింది మెసేజ్. ‘మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి.’ ఎవరు వచ్చారు? ఎవరు చూశారు? ఇక్కడ పెట్రోలు కారుతూనే ఉంది, అక్కడ మీరు ఫైలు మూసేశారు. ఇంత వేగంగా పనిచేసే సంస్థకు ఎన్ని స్టార్లు ఇవ్వమంటారు?

అమ్మిన డీలర్ దగ్గరికి వెళ్తే, కంపెనీ ఒక్క మెయిల్ పెడితే మార్చిస్తానన్నాడు. మెయిల్ సంగతి మిమ్మల్ని అడిగితే, డీలరే రిక్వెస్ట్ పెట్టాలన్నారు. పోనీ చూపిద్దామని మీ సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్తే, అక్కడి కుర్రాడు పెట్టె కూడా విప్పకుండా “బయట కట్టిన బండి సామాను మేం ముట్టుకోం” అని తోసేశాడు. వారంటీ కార్డు అక్షరం అక్షరం చదివాను. ఫలానా బండికే బిగించాలని అందులో ఎక్కడా లేదు.

ఆ పైన సూపర్‌వైజర్ ఒకాయన నాకు చట్టం చెప్పారు. బండి మార్చడం నేరమట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి, కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి నాకు తెలియక కాదు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు జోలికి నేను పోలేదు. బండి ఇంకా గేటు దాటలేదు. రోడ్డెక్కించే ముందు ఆర్టీవో ఆఫీసులో ఏం చూపించాలో అది నా బాధ్యత. కార్బురేటర్ అమ్మేటప్పుడు ఏ బండికని అడగని కంపెనీకి, కారాక చట్టం గుర్తొచ్చిందా?

నాన్నగారి షెడ్డు గోడ మీద మీ కంపెనీ క్యాలెండర్ ఏటా ఉండేది. ఆయన మాట విని మీ సామాను కొన్నవాళ్లు ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో కార్బురేటర్ మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చేయండి. అంతకంటే ముందు, విషయం చూడకుండా టికెట్ ఎందుకు మూశారో రాతపూర్వకంగా చెప్పండి, అది లేకుండా డబ్బు పంపినా ఒప్పుకోను. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే వేయొచ్చు, వస్తువుకు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వాయిదాలకు మీరే విజయవాడ రావాలి. మీ మెసేజ్‌ల ప్రింట్లు తీయించి ఆటోనగర్‌లో కొట్టు కొట్టుకూ పంచుతాను.

బిల్లు, వారంటీ కార్డు, ఆర్సీ నకళ్లు దీంతో పంపుతున్నాను. ఫోన్ చేయించేటట్టయితే కార్బురేటర్ విప్పడం తెలిసిన మనిషితో చేయించండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ